ఏమీ మొలవని ప్లేటు

ఆమె గొంతు చిన్నది. సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో తోటి పరిశోధక విద్యార్థులు ఆమెకు గుసగుస అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు డిగ్రీలు పుచ్చుకుని వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. తలుపు గొళ్ళాల మీద, మెట్ల పక్క కమ్మీల మీద కొన్ని రకాల సూక్ష్మజీవులు రోజుల తరబడి ఎలా బతుకుతాయన్నది ఆమె పరిశోధన. పని అంతా కిటికీ లేని ఒక చిన్న గదిలో. వాటికి చెవులు లేవు. ఆమెకు అదే హాయి.

అయితే విభాగానికి ఒక నియమం ఉంది. నాలుగో ఏడు దాటిన వాళ్ళు పరిశోధన సాగించాలంటే కింది తరగతులకు ప్రాక్టికల్స్ చెప్పాలి. ఆ పని దొరకాలంటే ముందు వేసవి శిబిరంలో పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలకు పాఠం చెప్పి పాసనిపించుకోవాలి. పాసు చేసేది పర్యవేక్షకురాలు. హైస్కూల్లో జుట్టు నెరిసేదాకా పాఠాలు చెప్పి వచ్చిన మనిషి ఆవిడ. వెనక బెంచీ మీద కూర్చుని, ఏమీ రాసుకోకుండా, చేతులు కట్టుకుని చూస్తుంది.

నిరుడు గుసగుస పాసు కాలేదు. ఆ రోజు పిల్లల ప్లేట్లన్నీ ఎండిపోయాయి. అడుగున జెల్లీ పోసిన ఆ గుండ్రటి ప్లాస్టిక్ ప్లేట్లలో వేలు ఆనించిన చోట సూక్ష్మజీవులు చుక్కలు చుక్కలుగా మొలవాలి. ఒక్క చుక్కా మొలవలేదు. చూపించడానికి ఏమీ లేక ఆమె బోర్డు వైపు తిరిగి, గంటసేపు బొమ్మలు గీస్తూ ఉండిపోయింది. క్లాసు వదిలాక పర్యవేక్షకురాలు దగ్గరికి వచ్చి, "బోర్డుకి బాగా అర్థమైందమ్మాయ్. పిల్లలకే ఏమీ అంతుపట్టలేదు," అంది.

ఈ వేసవే ఆఖరి అవకాశం. ఇది కూడా పోతే పరిశోధన సగంలో ఆపి బయటికి నడవాలి.

ఆమె ఉండేది అక్కా బావల దగ్గర, రెండు గదుల వాటాలో. బావ కారు నడపడం నేర్పే స్కూల్లో పని చేస్తాడు. అతని కార్లో నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మరదలి భయం చూసి బావకు నవ్వు, జాలి రెండూ కలిగేవి. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఒక సాయంత్రం తన కిటుకు చెప్పాడు. కొత్తవాళ్ళకు మొదటి వారం తెలియకుండా తనే బ్రేకు తొక్కుతాడట. కారు తామే ఆపామనుకుని వాళ్ళు మురిసిపోతారట.

"ధైర్యం ముందు రావాలి మరదలా. విద్య తర్వాత తీరిగ్గా వస్తుంది."

"ఆ ధైర్యంతోనేగా మొన్న ఒకాయన మన గేటు విరగ్గొట్టాడు," అంది అక్క, తల ఎత్తకుండా.

"ఆయన మూడో వారం మనిషి. నా పూచీ మొదటి వారానికే."

గుసగుస నవ్వింది గానీ ఆ మాట మనసులో ఎక్కడో పడి ఉండిపోయింది.

శిబిరం మొదలైన రోజు ఆమె పిల్లల్ని అడిగింది: సూక్ష్మజీవులు అందరికన్నా ఎక్కువగా ఎవరి చేతుల మీద ఉంటాయి? మెకానిక్కులని ఒకరన్నారు, మాంసం కొట్టేవాళ్ళని ఇంకొకరు. ముందు వరసలో కూర్చున్న కుర్రాడొకడు లేచి, తీర్పు చెప్పినట్టు, "ఆస్పత్రుల్లో ఊడ్చి తుడిచేవాళ్ళ చేతులు. ఆలోచించక్కర్లేదు," అన్నాడు. చాలామంది తలలూపారు. సరే, పరీక్షించి చూద్దాం అంది ఆమె.

అక్కడ తనకు బాగా తెలిసిన పద్ధతి ఒకటి వాళ్ళకు నేర్పింది. ఏ ప్లేటు ఎవరిదో లెక్కపెట్టేవాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే కళ్ళు మోసం చేస్తాయి. అసహ్యమనుకున్న చేతికి రెండు చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి, మనకిష్టమైన చేతికి రెండు తగ్గుతాయి. అందుకని పేర్లు రాయొద్దంది. ప్రతివాళ్ళూ ప్లేటు అడుగున ఒక బొమ్మ గీసుకోవాలి, ఇంటికి తీసుకెళ్ళి తమకు నచ్చినవాళ్ళ వేళ్ళు దాని మీద ఆనించి తేవాలి, ఎవరి వేళ్ళో చివరి రోజు దాకా పెదవి దాటనీయకూడదు. తనక్కూడా చెప్పొద్దంది.

పిల్లలకు ఇది ఆటలా ఉంది. ఒకడు చేప గీశాడు. తీర్పు చెప్పిన కుర్రాడు కిరీటం గీశాడు. అప్పట్నుంచి వాణ్ణి అందరూ కిరీటం అనే పిలిచారు, వాడూ పలికాడు. గోడ పక్క కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పని ఒక పిల్ల గొడుగు గీసింది.

మర్నాడు ప్లేట్లన్నీ వచ్చాయి. గుసగుస వాటిని శిబిరం గదిలోనే ఉన్న ఇంక్యుబేటరు అనే వెచ్చటి అలమారాలో పెట్టింది. నిరుటి సంగతి గుర్తుండి, విభాగం మెట్ల దగ్గర తలుపు గొళ్ళెం తుడిచిన నమూనాతో విడిగా రెండు మూడు ప్లేట్లు తయారుచేసి పక్కన పెట్టుకుంది. అడ్డం పడితే చేతికి ఆసరా ఉంటుందని.

ఫలితాలు చూపే రోజు పొద్దున ఆమె అందరికన్నా ముందు వచ్చి అలమారా తెరిచింది. చేప ప్లేటు మీద పసుపు, తెలుపు చుక్కలు. కిరీటం ప్లేటు మీద మధ్యస్తంగా. వరసగా అన్నీ మొలిచాయి. గొడుగు ప్లేటు ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. జెల్లీ కడిగిన అద్దంలా ఉంది. వేళ్ళు ఆనిన గుర్తు సన్నగా నాలుగు చోట్ల కనిపిస్తోంది, అందులో ఏమీ లేదు.

మనిషి చెయ్యి మీద ఏమీ లేకపోవడం ఉండదు, ప్లేటే ఎక్కడో చెడింది అనుకుంది. జెల్లీ సరిగా కుదరలేదో, ఆ పిల్ల వేళ్ళు గట్టిగా ఆనించలేదో. కాసేపట్లో అందరూ తమ తమ ప్లేట్లు ఎత్తి చూపుతుంటే, మామూలుగానే నోట్లో నాలుక లేని ఆ పిల్ల ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడుతుంది. వెనక బెంచీ నుంచి ఆవిడ చూస్తుంది. నిరుటి గంట మళ్ళీ మొదలవుతుంది.

తన పరిశోధనలో ఒక్క అంకె కూడా ఆమె ఎన్నడూ మార్చలేదు. మార్చినవాళ్ళతో మాటలు మానేసిన మనిషి. ఇది పరిశోధన కాదు, పిల్లల పాఠం అనుకుంది. మొదటి వారం బ్రేకు అనుకుంది. విడిగా పెట్టుకున్న ప్లేటు ఒకటి తీసి, అడుగున గొడుగు గీసి, అంచు చుట్టూ టేపు అతికించి వరసలో పెట్టింది. ఖాళీ ప్లేటును పారేసే సంచీలో వేసింది. ఆ సంచీ అటెండరు వచ్చి తీసుకుపోయాడు. దాన్ని ఆవిరి యంత్రంలో ఉడికించి గాని బయట పారెయ్యరు.

ఆ రోజు తల్లిదండ్రులు కూడా రావచ్చని శిబిరం వాళ్ళు చెప్పారు. పది పన్నెండు మంది వచ్చి గోడ వారగా నిలబడ్డారు. పర్యవేక్షకురాలు తన బెంచీ మీద కూర్చుంది. గుసగుస ఈసారి బోర్డు వైపు తిరగలేదు. గొంతు వణికినా వినిపించింది. పిల్లలు ప్లేట్లు మార్చుకుని, ఏ ప్లేటు మీద ఎవరి వేళ్ళో తెలియకుండానే చుక్కలు లెక్కపెట్టారు. అన్నిటికన్నా ఎక్కువ ఉన్న ప్లేటును ముందు పెట్టారు. అది గొడుగు. పక్కపక్కన చుక్కలు కలిసిపోయి పేరుకున్న మీగడలా ఉంది. మా బాబాయి షెడ్డు నుంచి వచ్చి చెయ్యి కడగడు, ఇది ఆయన్ని కూడా మించిపోయింది అని ఎవరో అంటే గది నవ్వింది. పర్యవేక్షకురాలి పెదవి కూడా కొంచెం కదిలింది. గుసగుసకు ఊపిరి ఆడింది. ఇంత తేలికా అనిపించింది.

ఇప్పుడు ఎవరిదో చెప్పండి అంది.

గోడ పక్క పిల్ల లేచింది. ప్లేటు వంక చూస్తూ, చదివి వినిపిస్తున్నట్టు చెప్పింది.

"మా అమ్మ చెయ్యి. ఆస్పత్రిలో క్లీనింగ్ చేస్తుంది."

కిరీటం వెనక్కి వాలి, "నే చెప్పలా?" అన్నాడు. వాడి మాటలో కచ్చ లేదు, లెక్క సరిపోయినవాడి తృప్తి ఉంది. రెండు మూడు చోట్ల నవ్వులు వినిపించాయి. గోడ వారగా ఉన్న పెద్దవాళ్ళలో ఒకావిడ కొద్దిగా పక్కకు జరిగింది. ఆవిడ జరిగిన ఖాళీలో నీలం యూనిఫాం కోటు తొడుక్కున్న స్త్రీ ఒకతె కనిపించింది. పని మధ్యలో అడిగి వచ్చినట్టుంది. ఆమె కూతురి వంక చూసి చిన్నగా నవ్వడానికి ప్రయత్నించి, చేతులు రెండూ కోటు జేబుల్లోకి తోసుకుంది. తోసుకోబోయే ముందు గుసగుస ఆ వేళ్ళు చూసింది. సబ్బుకూ మందునీళ్ళకూ నాని నాని, కణుపుల దగ్గర పగిలి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆ పొద్దున తాను చూసిన ఖాళీ ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

నోరు మూసుకుంటే సరిపోతుంది. ఇంకో పావుగంటలో గంట మోగుతుంది. పర్యవేక్షకురాలు పాసు చేస్తుంది. కిటికీ లేని గది తనకే మిగులుతుంది. ఆ పిల్ల ఇంటికి వెళ్తుంది, మళ్ళీ ఎప్పుడూ ఎదురుపడదు. గుసగుస బల్ల అంచు పట్టుకుంది. గొడుగు పిల్ల ఇంకా నిలబడే ఉంది, కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"ఆ ప్లేటు వాళ్ళమ్మది కాదు," అంది గుసగుస.

గది చివరి దాకా వినిపించలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. అసలు ప్లేటులో ఏమీ మొలవలేదని, అది చెడిపోయిందనుకుని పొద్దున తానే మార్చానని, ఇది మెట్ల దగ్గర తలుపు గొళ్ళెం తుడిచిందని చెప్పింది. గొడుగు కూడా తానే గీశానంది.

నవ్వులు ఆగాయి. అయితే ఆమె అనుకున్నది జరగలేదు. పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక తండ్రి, పాపం పిల్ల చిన్నబుచ్చుకుంటుందని టీచరమ్మ సర్దుతోంది అన్నట్టు తల పంకించాడు. నీలం యూనిఫాం ఆమె రెండడుగులు ముందుకొచ్చింది.

"పర్లేదు మేడమ్. పిల్లలన్నాక నవ్వుతారు. మా కోసం మీరు లేనిపోని మాట మీదేసుకోకండి. మా పనే అలాంటిది."

"లేదండీ, నిజంగానే..."

"అసలుది ఎక్కడుంది?" గొడుగు పిల్ల అడిగింది.

గుసగుస గడియారం వంక చూసింది. అటెండరు ఈపాటికి సంచీ యంత్రంలో పెట్టేసి ఉంటాడు. ఒకసారి వేడెక్కితే ప్లాస్టిక్కు కరిగి ముద్దవుతుంది. అప్పుడు తన మాటకు సాక్ష్యం ఉండదు. జన్మంతా ఆ పిల్ల ఇది జాలితో చెప్పిన అబద్ధమనే అనుకుంటుంది. ఆమె వెనక బెంచీ వైపు చూసింది. పర్యవేక్షకురాలి చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి.

"వెళ్ళి తీసుకురా. వీళ్ళ దగ్గర నేనుంటాను," అంది ఆవిడ.

గొడుగు పిల్ల కూడా వెంట బయల్దేరింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. వరండాలో ఇద్దరూ నడక వదిలి పరుగు పట్టారు.

"ఎందుకు మార్చారు?"

"అందులో ఏమీ లేదు. నీకు చూపించడానికి ఏమీ ఉండదనుకున్నాను."

పిల్ల మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మలుపు తిరిగింది.

"నేను చూపించాలనుకున్నది అదే కదా," అంది.

గుసగుస మెట్లు రెండేసి చొప్పున దిగింది.

ఆవిరి యంత్రం కింది అంతస్తులో, మెట్ల కింద గదిలో ఉంది. పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటిది. అటెండరు మూత బిగించి, స్విచ్చి వేసి, చేతులు తుడుచుకుంటున్నాడు. తెరవమంటే కుదరదన్నాడు. ఒకసారి వేశాక మధ్యలో తియ్యకూడదని మీరే కదమ్మా గోడ మీద అతికించారు అన్నాడు. అది నిజమే, ఆ కాయితం ఆమే అతికించింది. ఆమె వంగి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు చూసింది. ఇంకా సున్నా దగ్గరే ఉంది. స్విచ్చి తీసేసింది. మరలు ఒక్కొక్కటే విప్పుతుంటే వేళ్ళు జారాయి. అటెండరు నిట్టూర్చి అవతలి వైపు మరలు పట్టుకున్నాడు.

సంచీ అప్పటికే గోరువెచ్చగా ఉంది. గుసగుస గ్లవ్స్ తొడుక్కుని, పిల్లను దూరంగా నిలబెట్టి, ఒక్కో ప్లేటూ తీసి అడుగు తిప్పి చూపించింది. నాలుగు రోజుల నుంచి విభాగం మొత్తం పారేసినవి అటెండరు దాని మీదే కుమ్మరించినట్టున్నాడు. అంకెలు, అడ్డగీతలు, ఎవరివో పొడి అక్షరాలు. సంచీ సగమైంది. సంచీ మారిపోయిందేమోనన్న అనుమానం మొదలైంది. దాదాపు అడుగున, మూత ఒక పక్క కొద్దిగా వంకరపోయిన ప్లేటు ఒకటి వచ్చింది.

"ఆగండి," అంది పిల్ల. "అది నాది. పిడి అటు తిరిగి ఉంటుంది."

వాళ్ళు తిరిగొచ్చేసరికి గదిలో ఒక్కరూ కదల్లేదు. గుసగుస రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు పట్టి చూపింది. నీలం యూనిఫాం ఆమె దగ్గరికొచ్చి ఖాళీ ప్లేటు వంక చాలాసేపు చూసింది. అందులో ఏం చూడాలో ఆమెకు తెలియలేదు. ఏమీ లేకపోవడమే చూడాలని కూతురు చెవిలో చెప్పింది.

కిరీటం చెయ్యి ఎత్తాడు.

"ఆ ప్లేటే పాడైందేమో కదా మేడమ్. అప్పుడు ఎవరు ముట్టుకున్నా ఏమీ రాదు."

పిల్లలు కొందరు వాడి మీద విసుక్కున్నారు. గుసగుస వాళ్ళను ఆపింది. పొద్దున నేనూ అదే అనుకున్నానంది. వాడి ప్రశ్న న్యాయమైనదేనంది. అనుకుని నేను వదిలేశాను, తేల్చుకోలేదు, తప్పు అక్కడ జరిగింది అంది. అయితే ఎలా తేల్చుకోవాలి?

ఆమె గొంతు అప్పుడు వణకలేదు. దాని సంగతి ఆమెకు గుర్తే లేదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. కొత్త ప్లేటు కావాలని ఒకరు, అదే ప్లేటు కావాలని ఒకరు. చివరికి చేప గీసినవాడు దారి చెప్పాడు. ఇదే ప్లేటులో రెండో సగాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అక్కడ ఇంకెవరైనా వేళ్ళు పెట్టాలి. అక్కడ మొలిస్తే ప్లేటు మంచిదే. ఎవరు పెట్టాలన్న దాని మీద వాదన రాలేదు. అందరూ ఒకే వైపు చూశారు. కిరీటం లేచొచ్చి, కొంచెం ఎర్రబడి, నాలుగు వేళ్ళూ ఆనించాడు.

గొడుగు పిల్ల ఇంకో కొత్త ప్లేటు తీసుకుని తల్లి ముందు పెట్టింది. గుసగుస సాయానికి చెయ్యి చాపింది.

"మీరు ముట్టుకోకండి," అంది పిల్ల.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తల్లి జేబులోంచి చెయ్యి తీసి, కడుక్కుని రానా అని అడిగింది. వద్దమ్మా, ఇలాగే, అంది కూతురు.

క్లాసు వదిలాక పర్యవేక్షకురాలు వరండాలో నిలబడింది. గుసగుస వెళ్ళి ఎదురుగా నిలుచుంది. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, రెండో సగం క్లాసు బాగుందని, చాలా ఏళ్ళుగా అలాంటిది చూళ్ళేదని చెప్పింది.

"కానీ పాసు చెయ్యను. ఆ తల్లి చేతులు దాచుకోవడం నేను చూశాను. అది నువ్వు చేసిందే."

"అవును మేడమ్."

"చలికాలం సెలవుల్లో ఇంకో శిబిరం పెట్టాలంటున్నారు. పెడతారో లేదో తెలీదు. పెడితే రా. నేనే వస్తాను, ఇంకొకరిని పంపను."

అంతవరకు పరిశోధన ఉండదు. గది ఇంకొకరికి ఇవ్వాలి. నీళ్ళు పరీక్షించే ల్యాబుల్లో ఎక్కడైనా పని వెతుక్కోవాలి. ఆ రాత్రి ఇదంతా అక్కతో చెప్పింది. అక్క మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టింది. తర్వాత, అంతా అయిపోయాక రేపు మళ్ళీ ఆ శిబిరానికి ఎందుకు అని అడిగింది. ప్లేట్లు చూడాలి, పిల్లలు వస్తారు అంది గుసగుస.

మర్నాడు పిల్లలు నిజంగానే అలమారా ముందు మూగి ఉన్నారు. వంకర మూత ప్లేటును కిరీటమే ఎత్తాడు. ఒక సగం నిన్నటిలాగే ఖాళీగా ఉంది. రెండో సగంలో నాలుగు వేళ్ళ ఆకారంలో చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ప్లేటు బాగానే ఉంది అని ఒప్పుకున్నాడు. చేప గీసినవాడు వాడి వీపు మీద చరిచాడు.

కొత్త ప్లేటును గొడుగు పిల్ల కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. గుసగుస వెళ్ళి కొంచెం ఎడంగా నిలబడింది. పిల్ల ఒక మూల నుంచి మొదలుపెట్టి, పెదవులు కదుపుతూ మెల్లగా లెక్కపెట్టింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"మూడు ఉన్నాయి," అంది. కళ్ళల్లో కొంచెం దిగులుంది. "అమ్మ డ్యూటీలో ఉంది, సాయంత్రం వచ్చి అడుగుతుంది. ఏమీ లేవని చెప్పనా?"

"మూడు అని చెప్పు," అంది గుసగుస.